చివరి పేజీలో చిట్టచివరి వరుస

పిల్లలూ! మీ ఇంటికి దినపత్రిక వస్తుందా? వస్తే మీరు మొట్టమొదట ఏ పేజీ చూస్తారు? బొమ్మలున్న పేజీయా, ఆటల పేజీయా? ఏదైనా సరే. ఇప్పుడు నేను మరో ప్రశ్న వేస్తాను. పత్రికలో మీరు ఎన్నడూ చదవని భాగం ఏది?

ఆలోచించనక్కరలేదు, నేనే చెబుతాను. సాధారణంగా చివరి పేజీలో, అట్టడుగున, చీమలబారులాగ సన్నని అక్షరాలతో ఒక వరుస ఉంటుంది. ఈ పత్రికను అచ్చువేసినవారు ఎవరు, ప్రచురించినవారు ఎవరు, ఎక్కడ అచ్చయింది, సంపాదకులు ఎవరు అన్న సంగతులు అందులో ఉంటాయి. నేను ముప్ఫై ఏళ్ళు పంతులుగా, హెడ్‌మాస్టరుగా పనిచేశాను. ఎందరో పిల్లలచేత ప్రార్థనవేళ పత్రిక చదివించాను. కాని ఆ వరుస చదవమని ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చివరికి మీకే తెలుస్తుంది.

మాది కృష్ణాజిల్లా దివిసీమలోని కోడూరు. కృష్ణానది సముద్రంలో కలిసేచోటు మాకు దగ్గరే. కిందటి వేసవి సెలవుల్లో మా మనుమరాలు మా ఇంటికి వచ్చింది. ఏడో తరగతి పూర్తిచేసింది. ఒకనాటి సాయంత్రం అది వాళ్ళమ్మ ఫోను పట్టుకుని పరుగున వచ్చి, "తాతయ్యా! రేపు రాత్రి ఉప్పెన వస్తుంది. అందరూ ఊళ్ళు ఖాళీచేసి వెళ్ళిపోవాలి!" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. దివిసీమలో ఉప్పెన అనే మాట ఊరికే అనేది కాదు. "ఎవరు చెప్పారే తల్లీ?" అన్నాను.

"ఫోనులో వచ్చింది."

"ఫోనులోకి ఎవరు పంపారు?"

"గ్రూపులో ఎవరో పంపారు. వాళ్ళకు ఇంకెవరో పంపారు. నేను కూడా నా స్నేహితురాళ్ళు ఏడుగురికి పంపాను."

వాతావరణశాఖవారు తుఫాను హెచ్చరిక ఇచ్చేటప్పుడు అది ఏ తేదీన, ఏ గంటకు ఇచ్చారో, తుఫాను ఎక్కడ ఉన్నదో స్పష్టంగా చెబుతారు. మా అబ్బాయి ఆ ప్రకటనలు చూశాడు. బంగాళాఖాతంలో ఎక్కడా తుఫాను లేదు. ఉదయం వచ్చిన పత్రికలోనూ ఏమీ లేదు. మా మనుమరాలు ఆ ఏడుగురికీ మళ్ళీ కబురు పంపింది గాని, వాళ్ళు అప్పటికే ఎంతమందికి పంపారో ఎవరికి తెలుసు?

నేను దాన్ని కోప్పడలేదు. కోప్పడే అర్హత నాకు లేదు. "రేపు పొద్దున్నే మనం ఒక ఊరు వెళదాం. వార్తలు కాపురముండే ఇల్లు చూపిస్తాను," అన్నాను.

మరునాడు తెల్లవారకముందే బయలుదేరాం. కోడూరునుంచి అవనిగడ్డ వెళ్ళి, పులిగడ్డ దగ్గర పెద్ద వంతెనమీద కృష్ణ దాటాం. నా చిన్నతనంలో అక్కడ వంతెన లేదు, పడవమీద అవతలి ఒడ్డున పెనుమూడి చేరేవాళ్ళం. అక్కడినుంచి రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వేటపాలెం చేరుకున్నాం. వేటపాలెం అనగానే జీడిపప్పు గుర్తుకు వస్తుంది. మా మనుమరాలికీ అదే గుర్తుకు వచ్చింది. పొట్లం కొనిపెట్టి, లోపలికి వెళ్ళాక తినకూడదని షరతు పెట్టాను.

ఆ ఊళ్ళో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. దాన్ని 1918లో స్థాపించారు. దాని భవనానికి 1929లో మహాత్మాగాంధీ స్వయంగా శంకుస్థాపన చేశారు. అక్కడ వేలకొద్దీ పుస్తకాలున్నాయి. అయితే ఆ గ్రంథాలయానికి దేశమంతటా పేరు తెచ్చినవి పుస్తకాలొక్కటే కావు, పాత పత్రికలు. ఎక్కడెక్కడి పరిశోధకులో వాటికోసం అక్కడికి వస్తారు. దినపత్రిక ఆయుర్దాయం ఎంత? ఒక్క రోజు. మరునాటికి అది పకోడీల పొట్లమవుతుంది, అలమరలో అడుగున పరిచే కాగితమవుతుంది. అటువంటి కాగితాలను పోగుచేసి, అట్టలు కట్టించి, నూరేళ్ళపాటు దాచారంటే వారి ఓపిక ఎంతటిదో ఆలోచించండి!

లోపలికి వెళ్ళి, గ్రంథాలయంలోని వారిని అడిగి, పాత సంచికలు చూశాం. మా మనుమరాలు ఒక పేజీ తిప్పబోతే, "మెల్లగా అమ్మా, అప్పడం పట్టుకున్నట్టు పట్టుకో," అన్నాను. కాగితం పసుపురంగు దాటి గోధుమరంగుకు వచ్చింది. అంచులు పెళుసుబారాయి.

"తాతయ్యా, కాగితానికి కూడా ముసలితనం వస్తుందా?"

వస్తుంది. పత్రికల కాగితాన్ని కొయ్యగుజ్జుతో చేస్తారు. చెట్టులో నారను నారతో అతికించి ఉంచే పదార్థం ఒకటి ఉన్నది. దాని పేరు లిగ్నిన్. మంచి పుస్తకాల కాగితం చేసేటప్పుడు దాన్ని చాలావరకు తీసివేస్తారు. పత్రిక కాగితం చవకగా ఉండాలి గనక అందులో ఉంచేస్తారు. గాలి, వెలుతురు తగిలినకొద్దీ ఆ లిగ్నిన్ రంగు మారుతుంది. కాగితంలో పుట్టే ఆమ్లం నారను కొరికివేస్తుంది. అందుకే పాత పత్రికలను వెలుతురు తగలకుండా దాచాలి. కావలిస్తే మీరే పరీక్ష చేసి చూడవచ్చు. ఒక పత్రికముక్కను సగం అట్టకింద దాచి, సగం పైకి ఉంచి, ఎండలో వారం రోజులు పెట్టండి. తరువాత అట్ట తీసి చూస్తే ఒక కాగితమే రెండు రంగులుగా కనిపిస్తుంది.

మేము చూసిన పాత పత్రికల్లో కృష్ణాపత్రిక ఉంది. ఆ పత్రిక మా జిల్లాదే. దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు కలిసి 1902లో దాన్ని బందరులో ప్రారంభించారు. మొదట పక్షానికి ఒకసారి, తరువాత వారానికి ఒకసారి వచ్చేది. 1907నుంచి 1945లో కన్నుమూసేవరకు, అంటే 38 ఏళ్ళు, ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. ఆయన మా దివితాలూకా ముట్నూరులో 1879లో పుట్టారు. మా సీమలో పుట్టినాయన రాసిన మాటకోసం తెలుగుదేశమంతటా చదువుకున్నవాళ్ళు వారం వారం ఎదురుచూసేవారంటే, మా మనుమరాలి కళ్ళు మెరిశాయి.

"ఇదంతా కంప్యూటరులో కొట్టారా తాతయ్యా?" అని అడిగింది.

కంప్యూటరు ఎక్కడిది? ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఏరి పేర్చారు. నా పెళ్ళి శుభలేఖలు వేయించడానికి వెళ్ళినప్పుడు ఆ పని నేను కళ్ళారా చూశాను. సీసంలో కొంచెం తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన చిన్న చిన్న అక్షరాలను గళ్ళపెట్టెలో వేరువేరుగా పెట్టుకుంటారు. ఇంగ్లీషుకు 26 అక్షరాలే. పెద్దబడి, చిన్నబడి కలిపినా రెట్టింపు. మన తెలుగుకో? గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే వందలకొద్దీ గళ్ళు కావాలి. పైగా ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. రబ్బరుముద్ర చూశారు కదా, అలాగన్నమాట. ఆ తిరగబడిన అక్షరాలను కంపోజిటరు చేతివేళ్ళు వెతుక్కోకుండానే ఏరుతుంటే నేను వచ్చిన పని మరిచిపోయి నిలబడ్డాను. ఒక వార్త అచ్చులోకి రావాలంటే అంత శ్రమ. ఒక మాట రాసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే వ్యవధి కూడా ఆ శ్రమలోనే దొరికేది.

అప్పుడు నేను మా మనుమరాలికి చివరి పేజీ అడుగున ఉన్న వరుస చూపించాను. "ఇది చదువు," అన్నాను. అది చదివి, "ఏవో పేర్లు. ఇది వార్త కాదుగా?" అన్నది.

అదే అసలు వార్త అన్నాను. ఆ వరుస కథ వినండి.

మన దేశంలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక కలకత్తాలో 1780 జనవరి 29న వెలువడింది. దాన్ని నడిపినవాడు జేమ్స్ అగస్టస్ హికీ అనే ఆయన. ఆయన గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ తప్పులను పత్రికలో ఎత్తిచూపాడు. వాళ్ళు ఆయన్ను జైలులో పెట్టారు. ఆయన జైల్లోంచే పత్రిక నడిపాడు. చివరికి 1782లో అచ్చుసామాను జప్తు చేసుకున్నారు. అక్షరాలు లేకపోయాక పత్రిక ఆగిపోయింది. పత్రిక పుట్టిన రెండేళ్ళకే పత్రిక నోరు మూయడం కూడా పుట్టిందన్నమాట!

తరువాత 1867లో ఒక చట్టం చేశారు. ప్రతి పుస్తకం మీద, ప్రతి పత్రిక మీద అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఊరు స్పష్టంగా ఉండాలన్నారు. మనం చూసిన వరుస అలా వచ్చిందే. ఆ రోజుల్లో తెల్లదొరల ప్రభుత్వానికి అది ఎందుకు ఉపయోగపడిందో మీరు ఊహించగలరు. నచ్చనిది ఎవరైనా అచ్చువేస్తే ఎవరిని పట్టుకోవాలో వెంటనే తెలుస్తుంది! 1878లో మరో చట్టం తెచ్చారు. ఇది మన దేశభాషల పత్రికలకు మాత్రమే. ఇంగ్లీషు పత్రికలకు లేదు. ప్రభుత్వానికి విరోధంగా రాయబోమని పత్రిక అచ్చువేసేవాడు పూచీకత్తు రాసి ఇవ్వాలి, డబ్బు ధరావతు కట్టాలి. మాట తప్పినట్టు అధికారికి తోస్తే ఆ డబ్బు పోతుంది, యంత్రమూ పోతుంది. కోర్టుకు వెళ్ళి చెప్పుకునే వీలుకూడా లేదు. అప్పుడు కలకత్తాలోని అమృతబజార్ పత్రికవారు ఏంచేశారో తెలుసా? తమ బెంగాలీ పత్రికను పూర్తిగా ఇంగ్లీషు పత్రికగా మార్చివేశారు. చట్టం చూస్తూ ఊరుకున్నది! ఆ చట్టాన్ని 1882లో రద్దుచేశారు. కాని 1910లో మళ్ళీ ధరావతు చట్టం వచ్చింది.

"పట్టుకుంటారని తెలిసీ పేరు ఎందుకు వేసుకునేవాళ్ళు?" అని మా మనుమరాలు అడిగింది.

మంచి ప్రశ్న. దానికి జవాబు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆయనది కర్నూలు. ఎం.ఏ. చదివి, రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ, వందేమాతరం ఉద్యమంలో చేరినందుకు కాలేజీనుంచి వెళ్ళగొట్టబడ్డారు. నాలాగే పంతులు కావలసినవారు పత్రికలోకి వచ్చారన్నమాట. బెజవాడనుంచి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. 1908లో తిరునెల్వేలిలో పోలీసులు జనంమీద కాల్పులు జరిపినప్పుడు ఆ క్రూరత్వాన్ని తీవ్రంగా ఖండిస్తూ రాశారు. ప్రభుత్వం రాజద్రోహమని కేసు పెట్టింది. ప్రచురణకర్తనుకూడా వదలలేదు. హరిసర్వోత్తమరావుగారికి మొదట ఆరునెలల శిక్ష పడింది. అది చాలదని ప్రభుత్వం పై కోర్టుకు వెళితే, మూడేళ్ళకు పెంచారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. జైలునుంచి వచ్చాక ఆయన ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడానికి, పెద్దవాళ్ళకు చదువు చెప్పించడానికి జీవితమంతా పాటుపడ్డారు.

పేరు లేకుండా కరపత్రం అచ్చువేసి రాత్రిపూట గోడలకు అతికిస్తే ఆయనకు జైలు తప్పేదేమో. కాని చదివినవాడు "ఇది ఎవరి మాట? నమ్మవచ్చునా?" అనుకునేవాడు. "ఈ మాట నాది. దీనికి నేను జవాబుదారీ," అని నిలబడినవాడి మాటకే బరువు ఉంటుంది. దొరలు పట్టుకోవడానికి పెట్టించిన వరుసనే మనవాళ్ళు తమ గౌరవంగా చేసుకున్నారు. 1867నాటి ఆ చట్టం పోయి, దాని స్థానంలో 2023లో చేసిన కొత్తచట్టం 2024 మార్చి 1నుంచి అమలులోకి వచ్చింది. పేర్ల వరుస మాత్రం ఇప్పటికీ పత్రికల్లో కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం తిరుగుప్రయాణంలో మేము పెనుమూడి వంతెనమీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కింద కృష్ణ నిండుగా, నిశ్శబ్దంగా ఉన్నది. మా మనుమరాలు కిటికీలోంచి నీళ్ళు చూస్తూ, "తాతయ్యా! నిన్న నేను తప్పు కబురు పంపితే నువ్వెందుకు తిట్టలేదు?" అన్నది. అప్పుడు, నలభై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి దానికి చెప్పాను. మీకుకూడా చెబుతాను.

అది 1977 నవంబరు 19, శనివారం. నాకు పదిహేడేళ్ళు. ఇంటరు చదువుతున్నాను. ఆనాడు దివిసీమమీద ఉప్పెన వచ్చింది. సముద్రపు నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. పదివేలమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి సంగతి నేను ఇక్కడ రాయను. బ్రతికి బయటపడిన మేము ఒక డాబాలో తలదాచుకున్నాం. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. తంతిస్తంభాలు కూలిపోయాయి. ట్రాన్సిస్టర్లు తడిసి మూగపోయాయి. పత్రిక లేదు. ఆకాశంలో హెలికాప్టర్లు తిరిగి ఆహారం పొట్లాలు జారవిడుస్తున్నాయి గాని, పక్క ఊళ్ళో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో చెప్పే నాథుడు లేడు. ఆకలికంటే ఆ తెలియకపోవడమే ఎక్కువ బాధించింది.

అయిదోనాటి సాయంత్రం నేను మంచినీళ్ళకోసం వెళ్ళాను. దారిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "సముద్రం మళ్ళీ లేచిందట," అన్నాడొకడు. నేను బిందె అక్కడే పారవేసి డాబావైపు పరుగెత్తాను. పరుగెత్తుతూ ఏమని అరిచానో తెలుసా? "సముద్రం మళ్ళీ లేచింది! లేచింది!" అని అరిచాను.

పిల్లలూ! తేడా గమనించారా? వాడు "లేచిందట" అన్నాడు. నేను "లేచింది" అన్నాను. ఒక్క అక్షరం జారవిడిచాను. "అట" అంటే నేను చూడలేదు, విన్నాను అని అర్థం. మన భాష మనకిచ్చిన ఎంత మంచి కాపలావాడో చూడండి ఆ "ట"! విన్నమాటకీ కన్నమాటకీ నడుమ అది గుమ్మంలాగ నిలబడి ఉంటుంది. నేను ఆ గుమ్మాన్ని తన్నేసి పరుగెత్తాను.

డాబాలో ఉన్నవాళ్ళు ఒక్కసారి లేచారు. చీకటి పడుతోంది. అందరూ అవనిగడ్డ దారిని పరుగుతీశారు. మా వీధి చివర ఉండే మామ్మగారు, ఉప్పెనలో బ్రతికి బయటపడిన మనిషి, కాలవగట్టుమీద జారిపడింది. తుంటి విరిగింది. సముద్రం ఎక్కడిది అక్కడే ఉన్నది. ఆ మామ్మగారు మాత్రం ఆపైన బ్రతికినన్నాళ్ళూ కర్ర లేకుండా నడవలేదు. మొదట ఆ మాట ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. అందరూ, "ఎవరో అరిచారు," అన్నారు. నేను కూడా, "అవును, ఎవరో అరిచారు," అన్నాను.

ఆ తరువాత దారి బాగుపడి సహాయం లారీలు వచ్చినప్పుడు, వాటిలో ఒకరు పత్రికల కట్ట తెచ్చారు. మాకు తెలుగు చెప్పిన మాస్టారు అరుగుమీద కూర్చుని పత్రిక పైకి చదివారు. చుట్టూ జనం గుమికూడి, ఊపిరి బిగబట్టి విన్నారు. ఏ ఊరు మిగిలింది, ఏ దారి తెరిచారు, మందులు ఎక్కడ ఇస్తున్నారు అన్నవి ఒక్కొక్కటే వింటుంటే, చీకటిగదిలో ఎవరో దీపం తెచ్చినట్టయింది. అంతా చదివాక ఆయన చిట్టచివరి వరుసకూడా చదివారు. అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు, సంపాదకుడి పేరు. ఒకాయన నవ్వి, "అది మాకెందుకండీ మాస్టారూ?" అన్నాడు.

"ఇందాక చదివిన దాంట్లో తప్పుంటే ఎవరిని అడగాలో తెలియాలిగా! మొన్న సముద్రం లేచిందన్న వార్త కింద ఎవరి పేరుంది? మామ్మగారు ఎవరిని అడగాలి?" అన్నారు మాస్టారు. ఆయన నా వైపు చూశారో లేదో నాకు తెలియదు. నేను తల ఎత్తలేదు. పంతులునయ్యాక పిల్లలకు ఆ వరుస ఎన్నడూ చూపించకపోవడానికి కారణం అదే. ఆ వరుస చూస్తే నాకు కాలవగట్టు కనిపించేది.

మా మనుమరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే తాతయ్యా, ఎవరూ ఏమీ రాయకూడదని ప్రభుత్వం ఆపేస్తే పుకార్లు ఉండవు కదా?" అన్నది.

ఉండకపోవడం కాదు, పెరుగుతాయి. దీనికీ మన దేశంలోనే నిదర్శనం ఉంది. 1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1977 మార్చి 21దాకా అది సాగింది. పత్రికల్లో ఏది వేయాలన్నా ముందుగా ప్రభుత్వాధికారికి చూపించాలన్నారు. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక సంపాదకీయం ఉండే చోటును ఖాళీగా వదిలివేసి అచ్చువేసింది. రాయనివ్వలేదు గనక ఆ తెల్లకాగితమే మాట్లాడింది. ఆ రోజుల్లో మా ఊరి రచ్చబండదగ్గర జనం గొంతు తగ్గించి చెవుల్లో చెప్పుకునేవాళ్ళు. పత్రికలో లేదు గనక ఏది విన్నా నిజమే అనిపించేది. పేరుపెట్టి చెప్పేవాడి నోరు మూస్తే, పేరులేని మాట ఊరంతా తిరుగుతుంది. మా డాబాలో అయిదురోజులు జరిగింది కూడా అదే. అక్కడ పత్రికను ఆపింది గాలివాన, ఇక్కడ ఆపింది ప్రభుత్వం. అంతే తేడా.

అందుకే మన రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులకు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. పత్రికాస్వేచ్ఛ అనే మాట అందులో విడిగా లేదు. అయితే 1950లో మద్రాసు రాష్ట్రప్రభుత్వం ఒక పత్రికను తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధిస్తే, సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. మాట్లాడే స్వేచ్ఛలో, ఆ మాటను నలుగురికీ అందించే స్వేచ్ఛకూడా ఉన్నదని చెప్పింది. అప్పుడు మన కోస్తా జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే. ఈ స్వేచ్ఛ పత్రికలవాళ్ళకు ఇచ్చిన బహుమానం కాదు. కాలవగట్టుమీద పరుగెత్తే మామ్మగారికోసం ఇచ్చినది. నిజం తెలుసుకునే హక్కు ఆమెది.

"మరి పత్రికవాళ్ళు తప్పు రాస్తే?"

తప్పులు వాళ్ళూ రాస్తారు. అప్పుడు అడగవచ్చు, సవరణ వేయించవచ్చు, కోర్టుకు వెళ్ళవచ్చు. అడగడానికి అడుగున పేరున్నది కదా!

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

ఇంటికి వచ్చాక రెండురోజులు మా మనుమరాలు ఒక మూల కూర్చుని ఏదో రాసింది. మూడోనాడు నాలుగు పేజీల చేతివ్రాత పత్రిక పట్టుకువచ్చింది. దానికి 'మా వీధి' అని పేరు పెట్టింది. మొదటి పేజీలో, ఉప్పెన వస్తుందన్న కబురు అబద్ధమనీ, దాన్ని ఏడుగురికి పంపింది తానేననీ రాసింది. రెండో పేజీలో పాలకేంద్రం దగ్గర బోరింగు పాడై పదిరోజులయిందని రాసింది. తాను స్వయంగా వెళ్ళి కొట్టి చూసిందట. ఆ "ట" ఇక్కడ నాది. నేను చూడలేదు గనక పెట్టాను. మూడో పేజీ తిప్పాను. "మా తాతయ్య 1977లో చేసిన తప్పు" అని ఉంది.

"దీన్ని మన అరుగు గోడకు అంటిస్తాను తాతయ్యా. అంటించవచ్చునా?" అన్నది.

పిల్లలూ! నిజం చెబుతున్నాను. నా చెయ్యి జేబులోని ఎర్రకలం మీదికి వెళ్ళింది. ఎన్ని వేల కాగితాలు దిద్దిన చెయ్యి! ఆ పేజీకి అడ్డంగా ఒక్క గీత గీస్తే చాలు. "పెద్దవాళ్ళ సంగతులు రాయకూడదమ్మా," అంటే అది వింటుంది. ఊళ్ళో నన్ను ఇప్పటికీ హెడ్‌మాస్టారుగారూ అని దణ్ణం పెట్టేవాళ్ళున్నారు. ఆ మామ్మగారి మనుమలు మా వీధిలోనే ఉన్నారు. పొద్దున లేస్తే వాళ్ళ ముఖం చూడాలి. హేస్టింగ్సు దొర అచ్చుసామాను ఎందుకు పట్టుకుపోయాడో నాకు ఆ క్షణంలో బాగా అర్థమయింది. తన తప్పు నలుగురి కంటా పడకుండా ఉండాలని ఎవరికి ఉండదు? చేతిలో అధికారం ఉన్నప్పుడు ఆ కోరిక తీర్చుకోవడం ఎంత సులువు!

ఎర్రకలం తీశాను. 'తుంటి' అన్న మాటకు సున్న మరిచిపోయింది. ఆ సున్న పెట్టి కాగితం తిరిగి ఇచ్చాను. "అంటించుకో," అన్నాను.

ఆ సాయంత్రం మామ్మగారి మనుమడు అరుగుదగ్గర నిలబడి ఆ పేజీ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. అతను వెంటనే ఏమీ అనలేదు. కొంతసేపటికి, "మా మామ్మ ఆ అరిచిన కుర్రాడెవరోగాని బాగా భయపడిపోయి ఉంటాడు పాపం అనేదండీ మాస్టారూ," అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ప్రతి ఏటా నవంబరు 16న మన దేశంలో జాతీయ పత్రికా దినం జరుపుతారు. మూడురోజులకు, 19న, మా దివిసీమవాళ్ళు ఉప్పెనలో పోయినవాళ్ళను తలుచుకుంటారు. ఈ రెండు తేదీలకు సంబంధం లేదని లోకం అనుకుంటుంది. నాకు మాత్రం ఉంది.

మీరు రేపు పత్రిక తెరిచినప్పుడు, అన్నీ చదివాక, ఆ చిన్న వరుసకూడా ఒక్కసారి చదవండి. మీకు ఏదైనా కబురు వస్తే, దాని అడుగున ఎవరి పేరుందో వెతకండి. పేరు లేకపోతే, కనీసం చివర ఒక "ట" తగిలించి, అక్కడే ఆపండి.

మా మనుమరాలి పత్రిక వానకు తడిసేదాకా మా అరుగు గోడమీదే ఉన్నది. నాలుగో పేజీ అడుగున, సన్నని అక్షరాలతో, తన పేరు, తన తరగతి, మా ఇంటి నంబరు, ఊరు కోడూరు అని రాసుకున్నది. ఆ కింద మరో మాట ఉంది: "తప్పులుంటే వచ్చి అడగవచ్చు. సాయంత్రం ఆటకు వెళతాను. ఉదయం రండి."